ఖాళీగా తిరిగిరాని గిన్నె

తనిఖీకి ఇరవై ఆరు రోజులు

ఆహార తనిఖీ అధికారి పరమేశం గారు ఉదయం ఎనిమిదింటికి వచ్చారు. తొమ్మిదికి లిఫ్టు ఆపేస్తారు కనక పదకొండో అంతస్తులో ఆయన పని ఎప్పుడూ పొద్దున్నే. కుర్చీలో కూర్చోకుండానే విషయం చెప్పారు.

“11-6 వాళ్ళది రెండో నెల కూడా ఎర్ర చుక్కే మేడమ్. మొదటి నెల 1,460 గ్రాములు పారేశారు. రెండో నెల 1,530. మూడో నెలా దాటితే రూలు మీకు తెలిసిందే.”

రూలు అందరికీ తెలుసు. ఒక ఇంటి తడి డబ్బాలో నెలకు 1,200 గ్రాముల తిండి వరకు పడొచ్చు. వరసగా మూడు నెలలు దాటితే ఆ ఇంటి పొయ్యి విప్పి తీసుకుపోతారు. ఆ ఇంటివాళ్ళు కింద మెస్సులో తినాలి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

11-6లో నాంచారమ్మ, ఆమె భర్త సుబ్బారాయుడు ఉంటారు. ఆయనకు పక్షవాతం వచ్చి ఏడాదిన్నర. మంచం దిగడు. గట్టి తిండి మింగలేడు. రోజుకు ఐదుసార్లు వేడి జావ చెంచాతో పట్టాలి. మెస్సులో అది జరగదు. పొయ్యి పోతే ఆయన్ను కొండ అవతల సంరక్షణ భవనానికి పంపుతారు. అక్కడ భార్యలకు చోటు లేదు.

“మీరు వాళ్ళకి రెండు తలుపుల అవతలే కదా. ఆవిడ ఎందుకు పారేస్తుందో కనుక్కుని మన పత్రికలో నాలుగు ముక్కలు రాయండి. పేరు వద్దులెండి. సున్నా ఇంటి ఆవిడ రాస్తే జనం వింటారు.”

సున్నా ఇల్లు నాది, 11-4. ఇరవై రెండు నెలలుగా నా తడి డబ్బా తూకం సున్నా. మన పత్రిక అంటే లిఫ్టు తలుపుల మీద వారానికోసారి అతికించే ఒక కాగితం. ముప్ఫై ఒక్క ఏళ్ళు దినపత్రికలో రిపోర్టరుగా చేశాను. ఆ పత్రిక ఆఫీసు ఉన్న ఊరు ఇప్పుడు ఉప్పునీళ్ళలో ఉంది. ఈ కాగితం నేనే రాస్తాను. రాసే ముందు ఎప్పటిలాగే నోట్సు పెట్టుకుంటాను. ఇది ఆ నోట్సు.

ఈ నెల నాంచారమ్మ డబ్బా తూకం, ఈ ఉదయానికి: 90 గ్రాములు.

మధ్యాహ్నం ఆమె నా గిన్నె తిరిగి తెచ్చింది. మొన్న వంకాయ కూర పంపిన గిన్నె. శుభ్రంగా తోమి, లోపల నిమ్మకాయంత బెల్లం ముక్క వేసింది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు. నాంచారమ్మ వాళ్ళు వదిలి వచ్చిన దీవిలోనూ అదే మాట, మా అమ్మ ఇంట్లోనూ అదే మాట.

తనిఖీకి ఇరవై మూడు రోజులు

నాంచారమ్మ వంటగది చూశాను. అడిగితే కాదనలేదు.

“చూడండి అక్కగారూ. మా అత్తగారు మంచిదే. కోడలే ఎర్రది.”

టవర్లో అందరూ తూనిక అరను అత్తగారు అంటారు. ఏ డబ్బాలో ఎంత ఉందో, ఎన్నాళ్ళ నించి ఉందో దానికి తెలుసు. పాతబడ్డదాని కింద పసుపు లైటు వెలుగుతుంది. పాడైతే ఎర్ర లైటు. రాత్రీ పగలూ కళ్ళు మూయదు, తప్పు తప్ప మాట్లాడదు. ఆ పేరు ఎవరు పెట్టారో గాని నిలిచిపోయింది.

నేను వెళ్ళింది డబ్బాలు సర్దడం నేర్పుదామని. పాతవి ముందు, కొత్తవి వెనక, ప్రతి డబ్బాకీ తేదీ చీటీ. నేను పత్రికలో ఇరవైసార్లు రాసిన పాఠం. అక్కడ నేర్పడానికి ఏమీ లేదు. పాతవి ముందే ఉన్నాయి. చీటీల బదులు ప్రతి డబ్బా మెడకీ వల దారం కట్టి ఉంది. దారానికి ముడులు.

“ఇవేంటి?”

“వారానికో ముడండీ. నాకు చదువు రాదు కదా. చీకట్లో తడిమినా ఏది పాతదో తెలిసిపోద్ది. నాలుగు ముడులు దాటనిస్తే మా నాన్న ఆత్మ ఊరుకోదు.”

“ఆయనేం చేసేవాడు?”

“వలలు అల్లేవాడు. ఏ ముడి ఏ ఏడు వేశాడో చెప్పేవాడు. మా పుట్టినరోజులు మాత్రం చెప్పలేకపోయేవాడు.”

డబ్బాలన్నీ చూశాను. రాగి పిండి, జొన్న రవ్వ, మూడు కిలోల బియ్యం, కందిపప్పు, ఎండు రొయ్యలు. నాలుగో ముడి పడ్డ డబ్బా ఒక్కటీ లేదు. బెల్లం డబ్బా మాత్రం దాదాపు ఖాళీగా ఉంది. నెలకు అర కిలో ఇస్తారు. పంపిణీ జరిగి వారమే అయింది.

“బెల్లం అప్పుడే అయిపోయిందే?”

“మావకి చప్పటి జావ అలవాటు చేస్తన్నానండీ.”

“తాగుతున్నాడా?”

“మూతి తిప్పుకుంటన్నాడు. కాలూ చెయ్యీ పడిపోయినా ముసలోడికి రోషం మాత్రం పడిపోలా.”

లోపలి గదిలోంచి సుబ్బారాయుడు ఏదో అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. నాకు అర్థం కాలేదు. ఆమెకు అర్థమై నవ్వింది.

రాసుకున్నది: ఇంత పొందికైన వంటింట్లోంచి నెలకు కిలోన్నర ఎలా బయటికి పోతోంది?

సాయంత్రం నా ఇడ్లీ పిండి పసుపు లైటుకు వచ్చింది. కరెంటు ఆరు గంటలే కాబట్టి చల్లపెట్టెలో పిండి మూడో రోజు నిలవదు. 11-6కి పంపాను. గడప దగ్గరి పలక మీద గిన్నె పెడితే అది తూచి, ఎవరి నుంచి ఎవరికో నమోదు చేస్తుంది. 11-4 నుంచి 11-6కి, 310 గ్రాములు. ఆ క్షణం నుంచి పిండి వాళ్ళది. పిండి బాగానే ఉంది.

తనిఖీకి పంతొమ్మిది రోజులు

11-6 డబ్బా: 520 గ్రాములు.

నీళ్ళ వరసలో నాంచారమ్మ గోడ పట్టుకుని నిలబడింది. మొహం పీక్కుపోయి ఉంది.

“కడుపు బాలేదండీ. రెండ్రోజుల్నుంచి.”

“ఏం తిన్నావు?”

“ఏదో పులిసింది. పారేస్తే తూకం కదా. కొంత తిని మిగతాది పారేశా. రెంటికీ చెడ్డానండీ.”

పులిసింది ఏమిటని నేను అడగలేదు. రిపోర్టరుగా చేరిన కొత్తలోనైనా ఆ ప్రశ్న అడిగి ఉండేదాన్ని. ఆమె బిందె మాత్రం మోసుకొచ్చి గడప లోపల పెట్టాను. నాలుగింటికి తోటకూర పులుసు గిన్నె పంపాను.

తనిఖీకి పదహారు రోజులు

11-6 డబ్బా: 740 గ్రాములు. ఇలాగే పోతే నెలాఖరుకు 1,400 దాటుతుంది.

తడి డబ్బా దానిలో పడినదాన్ని గుర్తుపట్టి పేరు రాసుకుంటుంది. ఆ జాబితా కావాలని పరమేశం గారికి నిన్న అర్జీ పెట్టాను. ఈ ఉదయం వచ్చింది. ఈ నెల జాబితా ఇది:

వంకాయ కూర, 90.
ఇడ్లీ పిండి, 230.
కొబ్బరి పచ్చడి, 120.
తోటకూర పులుసు, 170.
జావ, 130.

నాంచారమ్మ మినుములు తీసుకోదు. మింగలేని మనిషి ఉన్న ఇంట్లో ఇడ్లీ పిండి ఎందుకు రుబ్బుతుంది? కొబ్బరికాయ ఈ నెల లాటరీలో మా అంతస్తుకు ఒక్కటే వచ్చింది. వచ్చింది నాకు.

పలక నమోదులు కూడా తెప్పించాను. మొదటి నెల పంపిణీ నాటి నుంచి నేటి వరకు, ఈ మూడు నెలల్లో 11-6కి వెళ్ళిన గిన్నెలు నలభై ఒకటి. వాటిలో 11-4 నుంచి వెళ్ళినవి ముప్ఫై మూడు.

డబ్బాలో పడినవాటిని గిన్నెలతో సరిపోల్చాను. మొదటి నెల 1,460లో నా ఇంటివి 1,120. రెండో నెల 1,530లో నావి 1,210. ఈ నెల 740లో 610. మొత్తం 2,940 గ్రాములు. నావి తీసేస్తే ఆమె ఏ నెలా 350 దాటలేదు. ఆ మిగిలినది కూడా దాదాపు అంతా జావే.

ఇరవై రెండు నెలల నా సున్నా ఎక్కడికి పోయిందో దొరికింది.

తనిఖీకి పదిహేను రోజులు

పత్రికలో తప్పు పడితే మర్నాడు సవరణ వేసేవాళ్ళం. చిన్న అక్షరాల్లో, నాలుగో పేజీలో. ఈ నోట్సులోనూ తప్పులు పడ్డాయి.

సవరణ: “పిండి బాగానే ఉంది” అని రాశాను. లేదు. మూత తీసి వాసన చూశాను. పొంగి, ముక్కుకు కొట్టింది. ఎర్ర లైటు వెలగడానికి గంటో రెండు గంటలో ఉంది.

సవరణ: పులుసు నాలుగింటికి పంపాను అని మాత్రమే రాశాను. నాలుగు సుబ్బారాయుడికి జావ పట్టే వేళ. నాంచారమ్మ చెయ్యి ఖాళీ ఉండదు. “అక్కడ పెట్టండి అక్కగారూ” అంటుంది, మూత తీసి చూడదు, కూర్చోమనడానికీ వీలుండదు. ముప్ఫై మూడు గిన్నెల్లో ఇరవై ఏడు నాలుగింటికీ నాలుగున్నరకీ మధ్య నమోదయ్యాయి. ఇది యాదృచ్ఛికం అని ఏ నాయకుడైనా చెబితే నేను రాసి ఉండేదాన్ని కాదు.

ఇంకొకటి. ఆమె తిప్పి పంపిన గిన్నెల్లో ఏమొచ్చిందో మా అత్తగారి లెక్కలో ఉంది. ఎండు రొయ్యలు, కందిపప్పు, రాగి పిండి, బెల్లం. మొత్తం 2,110 గ్రాములు. అందులో బెల్లం 900. సుబ్బారాయుడు మూతి తిప్పుకున్న చప్పటి జావలో లేని బెల్లం అది. పాడవబోయేది నేను పంపాను, పాడవనిది ఆమె పంపింది.

ఎందుకు మిగులుతోంది అన్నదానికి కారణం ఉంది. నాకు ఒక్కదానికి వండడం చేతకాదు. మా ఆయన పోయి నాలుగేళ్ళయినా బియ్యం డబ్బాలోంచి చెయ్యి సోలెడే తీస్తుంది. ఇది కారణం. సంజాయిషీగా రాయడం లేదు.

ఇవాళ అరసోల తీశాను. గిన్నె అడుగు కనపడింది. బెల్లం డబ్బా మూత తీయలేకపోయాను.

తనిఖీకి పన్నెండు రోజులు

11-6 డబ్బా: 800. నా గిన్నెలు ఆగాయి కాబట్టి నెమ్మదిగా పెరుగుతోంది.

ముందు పరమేశం గారి దగ్గరికి వెళ్ళాను. కాగితాలు చూపించాను. ఆయన చదివి మడిచి ఇచ్చారు.

“ఇచ్చినవాళ్ళది తప్పెలా అవుతుందండీ? పలక దాటాక పుచ్చుకున్నవాళ్ళదే. మీరే కదా రాశారు, పసుపు లైటు వెలిగితే పక్కింటి తలుపు తట్టండి అని. ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది.”

రాశాను. ఇరవై నెలల కిందట.

“టవర్లో సున్నా ఇళ్ళు ఎన్ని?”

“పన్నెండు.”

“ఎర్ర ఇళ్ళు?”

“తొమ్మిది.”

“ఆ తొమ్మిదిలో సున్నా ఇంటి పక్కనున్నవి ఎన్ని?”

ఆయన వెంటనే చెప్పారు. లెక్క వేసుకోవలసిన అవసరం రాలేదు. “ఏడు. ఒంటి ముసలివాళ్ళు, మంచాన పడ్డవాళ్ళు ఉన్న ఇళ్ళు. నాకు కళ్ళు లేవనుకున్నారా మేడమ్? మొత్తం టవర్ తూకం మాత్రం మారలేదు. పైవాళ్ళు అడిగేది సున్నాలు ఎన్ని అని. నేను చెప్పేది అదే.”

ఒక దారి ఉందన్నారు. పలక మీద ‘చెడి వచ్చింది’ అని ఒక మీట ఉంది. గిన్నె అందుకున్నవాళ్ళు అది నొక్కి వేలిముద్ర వేస్తే ఆ తూకం పంపినవాళ్ళ ఖాతాకు తిరిగిపోతుంది. నెల తిరిగేలోపు ఎప్పుడైనా నొక్కొచ్చు. ఈ టవర్లో ఆ మీట ఎవరూ ఒక్కసారి కూడా నొక్కలేదు.

నాంచారమ్మ దగ్గరికి వెళ్ళి విషయం చెప్పాను. నేను పంపినవాటిలో కొన్ని పొరపాటున చెడిపోయి ఉండొచ్చని, మీట నొక్కమని. సవరణ: ‘కొన్ని’, ‘పొరపాటున’, ‘ఉండొచ్చని’, మూడూ తప్పే.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది.

“మా ఆయన పడిపోయిన నాడు స్ట్రెచరు రెండో కొస పట్టింది ఎవరండీ?”

“అది వేరు, నాంచారమ్మా.”

“లిఫ్టు ఆగిపోతే పదకొండు అంతస్తులు దించారు. మీ గిన్నెలో చెడ్డది వచ్చిందని ఈ వేలితో నేను నొక్కను. పొయ్యి పోతే పోనీండి.”

“పొయ్యి పోతే సుబ్బారాయుణ్ణి తీసుకుపోతారు.”

ఆమె లోపలి గది వైపు చూసింది. నేను బయటికి వస్తుంటే అంది:

“ఈ మధ్య గిన్నె తేవట్లేదు. కోపమొచ్చిందేమో అనుకున్నా.”

తనిఖీకి ఐదు రోజులు

11-6 డబ్బా: 880.

ఉదయం లిఫ్టు తలుపుల మీద పత్రిక అతికించాను. పరమేశం గారు అడిగిన పాఠం అందులో లేదు. ఇది ఉంది:

“సవరణ. ఇంటి నంబరు 11-4 ఇరవై రెండు నెలలుగా సున్నా ఇల్లు అని ఈ పత్రిక పలుమార్లు రాసింది. అది నిజం కాదు. గత మూడు నెలల్లో ఆ ఇంటి నుంచి 2,940 గ్రాముల తిండి పక్కింటి డబ్బాలో పడింది. పంపేటప్పుడు అది పాడవబోతోందని పంపినవారికి తెలుసు. పసుపు లైటు వెలిగితే పక్కింటి తలుపు తట్టమన్న సలహా కూడా ఈ పత్రికదే. ఆ సలహాను వెనక్కి తీసుకుంటున్నాం. పక్కింటికి పంపేది మనం ఆ పూట తినేదై ఉండాలి. రాసినది: దయామణి, 11-4.”

పుచ్చుకున్న ఇంటి నంబరు రాయలేదు.

ఏడో అంతస్తులో కాగితాన్ని మధ్యాహ్నానికి చింపేశారు. మా అంతస్తులో 11-2 ఆవిడ ఎదురుపడి మొహం తిప్పుకుంది. ఆమెదీ సున్నా ఇల్లే. “పాతికేళ్ళు పేపర్లో పనిచేసి ఇప్పుడు పక్కింటివాళ్ళ కుండలు మూత తీసి చూస్తన్నారు” అని వరండాలో వినపడేలా అంది. పాతికేళ్ళు కాదు, ముప్ఫై ఒకటి.

సాయంత్రం పలక నమోదులు చూశాను. ఇవాళ మొత్తం టవర్లో చేతులు మారిన గిన్నెలు ఆరు. మామూలుగా యాభై దాకా ఉంటాయి. వేడివేడిగా వెళ్ళే గిన్నెలు కూడా ఆగిపోయాయి. దీన్ని నేను ముందే ఊహించాల్సింది.

తనిఖీకి మూడు రోజులు

ఊరుకున్నది రెండు రోజులే. తనిఖీకి ముందు మూడు రోజులు టవర్లో అరలు ఖాళీ చేసుకునే రోజులు. కాగితం ఏం చెప్పినా సున్నా కావలసినవాళ్ళకు సున్నా కావాలి. వద్దనని తలుపు ఏదో అందరికీ తెలుసు.

పొద్దున్నించి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రెండు గిన్నెలు వెనక్కి పంపాను. ఒకావిడ, “ఆ ఇంటికి మీరు వాచ్‌మనా అండీ?” అంది. అవునన్నాను. నీళ్ళ వరసకు వెళ్ళి వచ్చేలోపు మరో రెండు లోపలికి పోయాయి.

“ఎందుకు తీసుకున్నావు?”

“గడప దాకా తెచ్చినాక ఎట్టా వద్దంటామండీ?”

11-6 డబ్బా: 1,010.

తనిఖీకి ఒక రోజు

11-6 డబ్బా: 1,185. ఇంకా పదిహేను గ్రాములే మిగిలింది.

డబ్బాలో పడనిది ఇంకొకటి ఉంది. నిన్న నేను నిద్రపోయిన మధ్యాహ్నపు గంటలో పదో అంతస్తు శకుంతల సొరకాయ కూర ఇచ్చి వెళ్ళింది. 420 గ్రాములు. ఈ ఉదయం ఆ గిన్నె కింద ఎర్ర లైటు వెలిగింది. పారేసినా పారేయకపోయినా ఎర్ర లైటు మీద ఉన్నది రేపు తూకంలోకి వస్తుంది. మొత్తం 1,605 అవుతుంది.

శకుంతల మీద మీట నొక్కమని అడిగాను. తల అడ్డంగా ఊపింది. ఊపుతుందని తెలుసు.

“అయితే అది నాకు పంపు.”

“ఏంటండీ?”

“నీ గిన్నెలో పోసి, నా గడప పలక మీద పెట్టు. 11-6 నుంచి 11-4కి.”

“పాచిపోయిందండీ. నురగ వచ్చింది. పాచిది మీకెట్టా పంపను?”

“నేను పంపలేదా?”

పొయ్యి మీద జావ కుతకుతలాడుతోంది. ఆమె మంట తగ్గించింది. నేను మళ్ళీ చెప్పాను, ఈసారి ‘కొన్ని’ లేకుండా, ‘పొరపాటున’ లేకుండా. వాసన చూసి పంపాననీ, మాట్లాడాల్సిన పని లేని వేళ చూసుకుని పంపాననీ చెప్పాను.

“తెలుసండీ,” అంది నాంచారమ్మ.

“ఎప్పటి నించి?”

“మొదట్నించే. నాకూ ముక్కుంది కదండీ.”

“మరి ఎందుకు ఊరుకున్నావు?”

ఆమె గరిటెతో జావ అడుగంటకుండా తిప్పింది. తిప్పుతూనే చెప్పింది.

“మావ మంచాన పడ్డాక ఈ తలుపు తట్టేవోళ్ళు లేరండీ. మంచం వాసన వస్తదని మా మరిదే గడప దాటడు. మీ గిన్నె రోజు మార్చి రోజు వచ్చేది. వద్దంటే మీరూ మానేస్తారు. కూర పారేస్తే గ్రాములే కదా పోయేది అనుకున్నా. పొయ్యి దాకా వస్తదని నాకు లెక్క తెలీలా.”

నా దగ్గర రాసుకోవడానికి కాగితం ఉంది. రాసుకోలేదు. ఇప్పుడు గుర్తు చేసుకుని రాస్తున్నాను.

“గిన్నె ఇలా ఇవ్వు,” అన్నాను.

“నేనే తెస్తానండీ. మీరు వచ్చి పట్టుకుపోతే పంపినట్టెట్టా అవుద్ది?”

పది నిమిషాల తరవాత నా గడప దగ్గర గిన్నె చప్పుడైంది. మూత పెట్టిన స్టీలు గిన్నె, మీద చుక్కలతో చెక్కిన పేర్లు, సుబ్బారాయుడు, నాంచారమ్మ, పెళ్ళి తేదీ. పలక చదివింది: 11-6 నుంచి 11-4కి, 420 గ్రాములు. ఆమె తల ఎత్తకుండా, “ఏమనుకోకండి అక్కగారూ,” అని వెళ్ళిపోయింది. ముప్ఫై మూడుసార్లలో నేను ఒక్కసారి కూడా అనని మాట అది.

కూరను నా తడి డబ్బాలో పోశాను. అంకె సున్నా నుంచి 420కి మారింది.

తనిఖీ రోజు

పరమేశం గారు ఎనిమిదీ పదికి వచ్చారు. వెనక పనివాళ్ళిద్దరు, చేతిలో స్పానర్లు. పొయ్యి విప్పడానికి సిద్ధపడే వచ్చారు.

11-6: 1,185. ఆయన రెండుసార్లు చూశారు. అరలన్నీ తడిమారు. ముడుల దారాలు పట్టుకుని ఇదేమిటని అడిగారు. నాంచారమ్మ చెప్పింది. “మా ఆవిడకి చూపించాలి,” అన్నారు. పనివాళ్ళు స్పానర్లు సంచిలో వేసుకున్నారు.

11-4: 420.

“ఇరవై రెండు నెలలు మేడమ్,” అన్నారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. టవర్‌కు ఒక సున్నా తగ్గింది. పలక నమోదు చూసి, 11-6 వైపు చూసి, మళ్ళీ నా వైపు చూశారు. “ఇది ఆవిడ పంపిందే.”

“పలక దాటాక పుచ్చుకున్నవాళ్ళదే కదండీ,” అన్నాను.

రాసుకుని వెళ్ళిపోయారు. తొమ్మిదో అంతస్తులో ఒకరి పొయ్యి విప్పారని తరవాత తెలిసింది. ఒంటరి ముసలాయన. పక్కది సున్నా ఇల్లు. ఆయన పేరు నాకు తెలియదు. రేపు కనుక్కోవాలి.

నాంచారమ్మ గిన్నె తోమాను. తిరిగి ఇవ్వాలి. ఖాళీగా ఇవ్వకూడదు. బెల్లం డబ్బా తీసి తూచాను. ఆమె నుంచి వచ్చింది 900 గ్రాములు. మిగిలింది 160. తక్కిన 740 నేను తిన్నాను. కాఫీలో, పొంగలిలో, ఊరికే నోట్లో వేసుకుని.

నాలుగింటికి వెళ్ళాను. ఆమె మంచం పక్కన కూర్చుని జావ పడుతోంది. “అక్కడ పెట్టండి అక్కగారూ” అంది అలవాటుగా. పెట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. సుబ్బారాయుడు తల తిప్పి చూసి ఏదో అడిగాడు.

“గిన్నె అక్కగారు,” అని చెప్పింది అతనికి. నాతో, “మీ పేరు ఆయనకి తెలీదండీ. అట్టాగే పిలుస్తాడు,” అంది.

మూత తీసి చూసింది. “ఇంత ఎందుకండీ? మీకుంచుకోక.”

“నాది కాదు, నాంచారమ్మా.”

ఆమె బెల్లం గోరుతో గీరి జావలో కలిపింది. సుబ్బారాయుడు మొదటి చెంచాకు మూతి తిప్పుకున్నాడు. నాలిక మీద పడ్డాక ఆగాడు. రెండో చెంచాకు తనే నోరు తెరిచాడు. గిన్నె అడుగు దాకా తాగాడు. డబ్బాలో పడ్డ జావ సున్నా.

బయటికి వస్తూ పలక చూశాను. ఇలా నమోదు చేసింది: 11-4 నుంచి 11-6కి, బెల్లం, 160 గ్రాములు.

సవరణ: ఆ బెల్లం 11-6 వాళ్ళదే. ఇంకా 740 గ్రాములు చేరవలసి ఉంది.